ఫారంలో లేని గడి

డిపో వెనక క్వార్టర్లు,
ఫిబ్రవరి 7, శుక్రవారం ఉదయం

మా ఇంటి ఆడపడుచుకి,

నిన్న మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకి, బడి వదిలాక పిల్లలుండే మన హాలుకి తాళం వేసి సీలు పెట్టారు. మూడున్నరకి బడి వదుల్తారు. ఇరవై నిమిషాల తర్వాత అరవై ఒక్క మంది పిల్లలు సంచులు భుజాన వేసుకుని వచ్చి ఆ తలుపు ముందు నిలబడ్డారు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే మీ అన్నయ్య పక్కన నిలబడి "అది చెప్పు, ఇది మర్చిపోయావు" అంటూ ఉంటాడు. నువ్వేమో ప్రశ్న మీద ప్రశ్న వేస్తావు, నాకు ఒళ్ళు మండి పెట్టేస్తాను. అందుకని కాగితం.

జరిగింది చెప్తాను. సోమవారం సాయంత్రం నాలుగుంపావుకి మున్సిపాలిటీ నుంచి ఒక గర్విష్టి మనిషి తనిఖీకి వచ్చాడు. చేతిలో కాగితాలు పెట్టుకునే అట్ట ఉంది కాబట్టి పిల్లలు అట్ట సారు అని పేరు పెట్టారు. నేనూ అదే అంటాను. ఆ సమయానికి ఒక చిన్నాడి ముక్కు నుంచి నెత్తురు కారుతోంది, జిగురు సీసా బోర్లాపడింది, ఎవరో నా కొంగు పట్టుకుని లాగుతున్నారు. ఆయన నా వెనక నిలబడి, "వెనక తలుపు తాళంచెవి ఎక్కడుంటుంది?" అన్నాడు. నేను తల తిప్పకుండా, "ముగ్గురిని అడిగి రండి," అన్నాను.

నీకు తెలుసు కదా మన హాలు పద్ధతి. ఏ పిల్లకి ఏ సందేహం వచ్చినా ముందు తోటివాళ్ళు ముగ్గురిని అడగాలి. ముగ్గురికీ తెలీకపోతేనే నా దగ్గరికి రావాలి. పదకొండేళ్ళుగా రోజుకి యాభైసార్లు అనే మాట అది. నోరు అలవాటు కొద్దీ అనేసింది. మనిషిని చూసి అన్నది కాదు.

ఆ దుర్మార్గుడు ఏం రాశాడో తెలుసా? "బాధ్యురాలికి అత్యవసర ద్వారం తాళంచెవి ఎక్కడున్నదో తెలియదు. అడగగా ఎగతాళిగా మాట్లాడారు." ఈ రెండు వాక్యాలకి మన అనుమతి ఆపేశారు. మున్సిపాలిటీ సంఘం విచారణ జరిగేదాకా హాలు తెరవకూడదట. ఆయన రాసింది పచ్చి అబద్ధం.

నిన్న పిల్లల్ని ఎక్కడికి పంపను? ఇళ్ళలో ఎవరూ ఉండరు. మీ అన్నయ్య డ్యూటీ దిగి వస్తూ చూసి, డిపోలో ఖాళీగా ఉన్న బస్సు తలుపు తీశాడు. అందరినీ అందులో కూర్చోబెట్టాం. లెక్కలు, బొమ్మలు, దెబ్బలాటలు అన్నీ బస్సులోనే. చివరి పిల్ల వాళ్ళమ్మ ఎనిమిదీ ఇరవైకి వచ్చింది.

నువ్వు మీ పత్రికలో రాయాలి. పెద్ద అక్షరాలతో.

మీ వదిన


పత్రిక ఆఫీసు, మూడో అంతస్తు,
ఫిబ్రవరి 11

వదినకి,

ఉత్తరం అందింది. దుర్మార్గుడు, గర్విష్టి, పచ్చి — ఇలాంటివి వచ్చిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గీత గీశాను. తీసేశాక మిగిలింది ఇది: ఒక అధికారి ఒక ప్రశ్న అడిగాడు, నువ్వు జవాబు చెప్పలేదు, అతను రెండు వాక్యాలు రాశాడు.

రెండో వాక్యాన్ని వదిలెయ్. ఎగతాళి అనేది అతనికి అనిపించిన సంగతి. మొదటి వాక్యం అలా కాదు. అది నిజమో అబద్ధమో ఏదో ఒకటే అవుతుంది. కాబట్టి చెప్పు: సోమవారం నాలుగుంపావుకి ఆ తాళంచెవి ఎక్కడుందో నీకు తెలుసా?

ఇంకొకటి. నువ్వు "ముగ్గురిని అడిగి రండి" అన్న తర్వాత అతను ఎవరినైనా అడిగాడా? చూసినవాళ్ళు ఉన్నారా? విచారణ తేదీ కూడా రాయి.

కోపం తెచ్చుకో, పర్వాలేదు. జవాబు మాత్రం రాయి.

అన్నయ్యకి చెప్పు: యాభై సీట్ల బస్సులో అరవై ఒక్క మందిని ఎక్కించాడు. దాని మీద ఎవరైనా కేసు పెడితే ఆ వార్త మాత్రం నేనే రాస్తాను.

మీ ఆడపడుచు


డిపో వెనక క్వార్టర్లు,
ఫిబ్రవరి 17, సోమవారం

రిపోర్టరమ్మకి,

నీ ఎర్ర పెన్ను విరగ. ఇల్లు కాలి నేనేడుస్తుంటే నువ్వు నా మాటలకి గీతలు గీస్తావా?

తాళంచెవి ఉండాల్సిన చోటే ఉంది. పిల్లలందరికీ తెలుసు. అట్ట సారు ఎవరినైనా అడిగాడో లేదో నేను చూళ్ళేదు. చిన్నాడి తల పట్టుకుని ముక్కు నొక్కుతున్నాను. తిరిగి చూసేసరికి ఆయన గుమ్మం దాటుతున్నాడు. విచారణ మార్చి 27, ఉదయం పదకొండు గంటలకి.

ఇక్కడి సంగతి విను, ఇది రాయదగిన సంగతి. డిపో మేనేజరు రెండు రోజులు బస్సు ఇచ్చి, ఇక కుదరదన్నాడు. అతనిది తప్పు కాదు, సాయంత్రం రద్దీకి బండ్లు కావాలి. పంతొమ్మిది మందిని లాండ్రీలో ఇస్త్రీ గది వెనక కూర్చోబెడుతున్నాం. అక్కడ ఆవిరికి పుస్తకాలు మెత్తబడిపోతున్నాయి. మిగతావాళ్ళు ఎవరి దోవ వాళ్ళు చూసుకున్నారు. ఆస్పత్రి ఆయా తెలుసుగా, ఆమెకి సాయంత్రం డ్యూటీ తప్పదు. ఏడేళ్ళ కొడుకుని నాలుగింటి నుంచి ఎనిమిదింటిదాకా ఇంట్లో పెట్టి బయట గొళ్ళెం పెట్టి వెళ్తోంది. పదిహేనేళ్ళవాళ్ళు ఇద్దరు మార్కెట్లో మూటలు మోస్తున్నారు. వాళ్ళు పుస్తకం తీసి పది రోజులైంది.

ఊరుకోలేదు మేము. అర్జీ రాశాం. "తనిఖీ అధికారి రాసినది పూర్తిగా అబద్ధం" అని మొదటి వాక్యం. నూట నలభై మూడు సంతకాలు. మొదటిది నాది. ఇది కూడా నీ ఎర్ర పెన్నుకి ఆనదా?

నువ్వు పేపర్లో ఎప్పుడు వేస్తావో చెప్పు. లాండ్రీవాళ్ళు ముందుగానే ఇరవై కాపీలు కావాలన్నారు.

మీ వదిన


పత్రిక ఆఫీసు, మూడో అంతస్తు,
ఫిబ్రవరి 22

వదినకి,

నేను రాయను. నీ గురించి నేను రాస్తే అది వార్త అవదు, చుట్టరికం అవుతుంది. చదివేవాళ్ళకి ఆ సంగతి తెలిసిన రోజున నీ హాలూ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. మా ఎడిటరుకి ఈ సంగతి నేనే చెప్పి, ఇది నా దాకా రానివ్వొద్దని అడిగాను. లాండ్రీవాళ్ళకి సర్ది చెప్పు.

ఆస్పత్రి ఆయా కొడుకు గురించి చదివి, లేచి వెళ్ళి కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాను. అదీ రాయకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు నా ప్రశ్న. "ఉండాల్సిన చోటే ఉంది" అన్నావు. ఉండాల్సిన చోటు ఏది? గోడ మీదా, బల్ల సొరుగులోనా, నీ నడుం దగ్గరా? నేను అడిగింది తాళంచెవి గురించి కాదు వదినా, నీకు తెలుసా అని. నువ్వు దానికి తప్ప అన్నిటికీ జవాబు రాశావు.

పదిహేనేళ్ళ వయసులో మీ ఇంటికి వచ్చాను. ఏడేళ్ళు మీ వంటింట్లో కూర్చుని చదువుకున్నాను. నువ్వు ఒక్క అబద్ధం చెప్పగా వినలేదు. చెప్పలేని మాట ఏదైనా ఉంటే గిన్నెలు తోమేదానివి. తోమినవే మళ్ళీ తోమేదానివి. నీ ఉత్తరంలో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

మీ ఆడపడుచు


డిపో వెనక క్వార్టర్లు,
మార్చి 3, సోమవారం

అమ్మాయీ,

తెలీదు.

ఇదీ నీ ప్రశ్నకి జవాబు. ఇప్పుడు మిగతాది రాస్తాను.

పదకొండేళ్ళ కిందట వెనక తలుపు పక్కన గోడకి నేనే మేకు కొట్టి తాళంచెవి తగిలించాను. నా మనసులో అది అక్కడే ఉంది. సీలు వేసిన రోజున, మేకుకే ఉందని నేనంటే, అట్ట సారు దాని వైపు వేలు చూపించాడు. బోసిగా ఉంది. గోడ మీద తాళంచెవి ఆకారంలో తెల్లటి మచ్చ ఒకటి ఉంది, అంతే. ఆయనే తీసి దాచాడేమో అని కూడా అనుకున్నాను. చూడు, మనిషి బుద్ధి ఎంతదాకా పోతుందో. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అర్జీ మీద మొదటి సంతకం పెట్టేటప్పుడు కూడా ఆ బోసి మేకే కళ్ళ ముందు ఉంది.

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు ఆగి, నిన్న మేస్త్రి ఇంటికి వెళ్ళాను. మేస్త్రి అంటే లాండ్రీ ఆమె కూతురు, పన్నెండేళ్ళది. ఎవరు ఏ పని చేస్తున్నా నడుం మీద చేతులు పెట్టుకుని పక్కన నిలబడుతుంది, అందుకని ఆ పేరు.

"వెనక తలుపు తాళంచెవి ఏదే?" అన్నాను.

"ముగ్గురిని..." అనబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. "కింది అరలో, నీలం డబ్బాలో ఉంది పెద్దమ్మా."

"మేకుకి ఎందుకు లేదు?"

"చిన్నోళ్ళకి అందదు కదా. నిప్పంటుకుంటే స్టూలు వెతుక్కుంటూ కూర్చోవాలా? నవంబర్లోనే మార్చేశాం."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు కదా. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ముగ్గురేసిని అడిగారు, అందరికీ తెలిసిపోయింది. నీకూ తెలుసనుకున్నాం."

ఇంకో సంగతి విను. ప్రతి సోమవారం నాలుగింటికి పిల్లలంతా గోలగోలగా వెనక తలుపులోంచి బయటికి పరిగెత్తేవాళ్ళు. నేను వంటవైపు పాలు కాస్తూ, "ఏం ఆటర్రా అది, చెవులు చిల్లులు పడుతున్నాయి" అని కేకలేసేదాన్ని. అది ఆట కాదట. మేస్త్రి గడియారం పట్టుకుని నిలబడేదట. మొదట్లో అందరూ బయటపడడానికి నాలుగు నిమిషాలు పట్టేదట. జనవరికి ఒక నిమిషం యాభై సెకన్లకి తెచ్చారట. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ చేతులు పట్టుకోవాలి, సంచులు ముట్టుకోకూడదు, చివరి మనిషి తలుపు దగ్గర తలలు లెక్కపెట్టాలి. పుస్తకంలో రాసి ఉంది, చూపించింది.

ముగ్గురికి తెలిస్తే నా దాకా రానక్కర్లేదని నేనే నేర్పాను. వాళ్ళు బాగానే నేర్చుకున్నారు. ఆ హాల్లో ఒక్కదానికే తెలీదు. ఆ ఒక్కదాన్నీ నేనే.

ఇంటికొచ్చి ఏడ్చాను. సిగ్గుతో కొంత, ఆ పిల్ల పుస్తకం చూసి కొంత. ఏది ఎంతో చెప్పమని అడగకు.

వదిన


పత్రిక ఆఫీసు, మూడో అంతస్తు,
మార్చి 7

వదినకి,

నీ ఉత్తరంలో ఈసారి గీత గీయాల్సిన మాట ఒక్కటి కూడా లేదు.

అర్జీలో మొదటి వాక్యం కొట్టెయ్. అది ఉన్నంతకాలం నూట నలభై మూడు మంది ఒక అబద్ధం కింద సంతకం పెట్టినట్టే. ఎందుకు కొట్టేస్తున్నావో వాళ్ళకి నువ్వే చెప్పు, విచారణకి ముందే చెప్పు. దీనివల్ల హాలు పోవచ్చు. పోదని నేను మాట ఇవ్వలేను. అధికారి నిజం రాశాడని నువ్వే ఒప్పుకున్నాక సంఘంవాళ్ళు అక్కడితో ఫైలు మూసెయ్యొచ్చు.

ఇన్నేళ్ళలో నీకు చెప్పని మాట ఒకటి ఉంది. నువ్వు ఏడో నంబరు బస్సులో కండక్టరుగా ఉన్నప్పుడు, టిక్కెట్లు కొట్టే హడావిడిలో ఎవరైనా స్టాపు ఎక్కడని అడిగితే, "పక్కన ముగ్గురిని అడగండి, అప్పటికీ తెలీకపోతే నేనున్నాను" అనేదానివి. సాయంత్రాలు నేను వెనక సీట్లో కూర్చుని చదువుకుంటూ వినేదాన్ని. చివరి స్టాపు వచ్చేసరికి ఆ బస్సులో వాళ్ళంతా ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుతూ ఉండేవాళ్ళు. నేను పనిలో చేరిన మొదటి నెలలో మా చీఫ్ రిపోర్టరు నేను రాసిన వార్త చూసి, "ఒక్క సంగతికి ముగ్గుర్ని అడిగావు, ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాడు. "బస్సులో," అన్నాను. ఆయన వేళాకోళం అనుకున్నాడు. ఇరవై రెండేళ్ళయింది, ఇప్పటికీ ఒక్క మనిషి మాట మీద వార్త రాయలేదు.

కాబట్టి నీ పద్ధతి తప్పని మాత్రం ఎక్కడా ఒప్పుకోకు. ఒప్పుకోవాల్సింది నీకు తెలీదన్న ఒక్కటే.

మీ ఆడపడుచు


డిపో వెనక క్వార్టర్లు,
మార్చి 17, సోమవారం

అమ్మాయీ,

నిన్న ఉదయం లాండ్రీ పెరట్లో అందర్నీ పిలిచి చెప్పేశాను. తడి దుప్పట్లు ఆరేసిన తాళ్ళ మధ్య నిలబడి చెప్పాను. నా మొహం సగం మందికి కనపడలేదు, అదొక అదృష్టం.

చెప్పడం అయ్యాక ముందు ఆస్పత్రి ఆయా లేచింది. "నిజం చెప్పి ఏం సాధిస్తావమ్మా? నా కొడుకుని తెచ్చి నీ నిజంలో కూర్చోబెట్టనా?" అంది. ఆమె అర్జీ లాక్కుని తన పేరు అడ్డంగా కొట్టేసింది. ఆమె వెనకే ఇంకో ముప్ఫై మంది కొట్టేశారు. నూట పన్నెండు మిగిలాయి.

తర్వాత ఇంకా అన్యాయం జరిగింది. ఎవరో వెనకనుంచి, "ఆ పిల్ల తాళంచెవి కదపకపోతే ఇంత గొడవ ఉండేదా?" అన్నారు. మేస్త్రి అక్కడే ఉంది, వాళ్ళమ్మ వెనక. నడుం మీంచి చేతులు తీసేసింది. అది చూళ్ళేకపోయాను. "తప్పు పిల్లది కాదు, నాది. ఎవరైనా ఏమైనా అనాలంటే నన్ను అనండి, దాన్ని కాదు," అని గట్టిగానే అరిచాను. కండక్టరు గొంతు కదా, డిపోలో వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు ఏమైందోనని. అయినా ఆ పిల్ల నిన్నటి నుంచీ ఎవరితోనూ మాట్లాడటం లేదట.

అమ్మాయీ, హాలు పోతే పోనీ అని నీ ముందు గొప్పకి అనలేను. పోతే నేను బతకలేను. కానీ ఆ పిల్ల తను తప్పు చేశాననుకుంటూ పెరగడం మాత్రం జరగనివ్వను. విచారణలో ఏం మాట్లాడాలో చెప్పు.

వదిన

దీని కింద అన్నయ్య రాయునది: మీ వదిన రాయలేదు గానీ, అందరూ వెళ్ళాక ఆయా వెనక్కి వచ్చి నిలబడింది. ఇద్దరూ కలిసి దుప్పట్లు మడతపెట్టారు. నేను సైకిలు పట్టుకుని అరగంట ఎండలో నిలబడ్డాను. నా గురించి ఎవరూ ఉత్తరాల్లో రాయరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.


పత్రిక ఆఫీసు, మూడో అంతస్తు,
మార్చి 21

వదినకి,

విచారణలో నువ్వు చెప్పాల్సింది రెండు వాక్యాలు. "ఆయన రాసింది నిజం. నాకు తెలీదు." అక్కడ ఆగు. "కానీ" అనకు.

అడగాల్సింది ఒక్క ప్రశ్న. మొదటి ఉత్తరంలోనే నిన్ను అడిగాను, నువ్వు చూళ్ళేదన్నావు. చూసిన మనిషి ఆ గదిలోనే ఉంటాడు, ఆయన్నే అడుగు. నువ్వు ముగ్గురిని అడగమన్న తర్వాత ఆయన అడిగాడా, లేదా?

జవాబు నాకు తెలీదు. జవాబు తెలియని ప్రశ్న అడగొద్దని వకీళ్ళు చెప్తారు. మా పనిలో అలాంటివే అడగాలి. ఆయన "లేదు" అంటే నీకు నష్టమేమీ లేదు, ఉన్నచోటే ఉంటావు.

నేను రాలేను. 27న ఇక్కడ ఒక తీర్పు ఉంది, అది నా డ్యూటీ. మధ్యాహ్నం దాకా ఫోన్ ఆపేసి ఉంటుంది. ఎలా జరిగినా వరసగా రాయి, ఎవరు ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే.

అన్నయ్యకి చెప్పు, ఆయన ఎండలో నిలబడ్డ విషయం నమోదు చేసుకున్నాను.

మీ ఆడపడుచు


డిపో వెనక క్వార్టర్లు,
మార్చి 27, గురువారం సాయంత్రం

అమ్మాయీ,

వరసగా రాయమన్నావు, రాస్తున్నాను.

పొడుగాటి గది, ఒక బల్ల, బల్ల వెనక ఐదుగురు. మధ్యలో కూర్చున్న అధ్యక్షురాలు ఒకప్పుడు నర్సట, మణికట్టు లోపలి వైపుకి గడియారం పెట్టుకుంది. మాకు కుర్చీలు పది, వచ్చింది ఎనభై మంది. మిగతావాళ్ళు గోడకి ఆనుకుని నిలబడ్డారు. పిల్లల్ని రానివ్వలేదు. అట్ట సారు పక్క బల్ల దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. ఆయన చొక్కా కాలర్ చిరిగి, మళ్ళీ కుట్టించుకున్నట్టు ఉంది. నేను ఇన్నాళ్ళూ మనసులో అంత లావు రాక్షసుణ్ణి చేసి పెట్టుకున్నది ఈయన్నేనా అనిపించింది.

రిపోర్టు చదివారు. "మీరేమంటారు?" అంది అధ్యక్షురాలు.

"ఆయన రాసింది నిజం. నాకు తెలీదు," అన్నాను.

వెనక గోడ దగ్గర ఎవరో "అయ్యో" అన్నారు. అట్ట సారు తలెత్తి మొదటిసారి నా వైపు చూశాడు. నాకు "కానీ" అన్న మాట గొంతులోకి వచ్చింది. మింగేశాను. నువ్వు చెప్పావని కాదు, నీకు ఉత్తరంలో రాయాల్సొస్తుందని.

"అంతేనా?" అంది ఆమె.

"ఆయన్ని ఒక్క మాట అడగొచ్చా అమ్మా?"

"అడగండి."

ఆయన వైపు తిరిగాను. "సారూ, ఆ రోజు ముగ్గురిని అడిగి రండి అన్నాను కదా. అడిగారా?"

ఆయన కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. "అడిగాను," అన్నాడు.

"ఎవరిని అడిగారు?" ఇది అధ్యక్షురాలు.

"మొదట ఒక పెద్ద పిల్లని. కింది అర, నీలం డబ్బా అంది. రెండోసారి కిటికీ దగ్గర బొమ్మ వేసుకుంటున్న అబ్బాయిని. వాడూ అదే చెప్పాడు, పైగా పెన్సిలు ఎత్తకుండా చెప్పాడు. మూడో పిల్లకి నాలుగేళ్ళుంటాయేమో. ఆ పిల్ల నోటితో చెప్పలేదు. నా వేలు పట్టుకుని తీసుకెళ్ళి, డబ్బా తీసి, తాళంచెవి నా చేతిలో పెట్టి, మళ్ళీ లాక్కుని డబ్బాలో పెట్టేసింది."

"తలుపు తెరుచుకుందా?"

"ఒకే తిప్పుకి తెరుచుకుంది. నూనె కూడా రాసి ఉంది."

"ఇదంతా మీ రిపోర్టులో ఎందుకు లేదు?"

ఆయన అట్ట మీద కాగితం ఎత్తి చూపించాడు. "ఫారంలో గడి లేదమ్మా. బాధ్యురాలికి తెలుసా, అవును, కాదు. అంతే ఉంది. నేను కాదు అన్న గడిలో గుర్తు పెట్టాను. పిల్లలకి తెలుసా అని మా ఫారం ఎప్పుడూ అడగలేదు."

అప్పుడు గోడ దగ్గరనుంచి ఆస్పత్రి ఆయా గొంతు వినిపించింది. "ఆ నాలుగేళ్ళది ఎవరి పిల్లో మాకు తెలుసు. మా వీధిదే." ఎవరూ అడగలేదు ఆమెని. గర్వం ఆపుకోలేక అనేసింది.

నేను మేస్త్రి పుస్తకం బల్ల మీద పెట్టాను. అధ్యక్షురాలు పేజీలు తిప్పింది. నాలుగు నిమిషాల దగ్గర మొదలుపెట్టి చివరిదాకా వేలు పెట్టి చదివింది. "ఎవరు రాశారిది?" అంది.

"పన్నెండేళ్ళ పిల్లమ్మా. నాకు చెప్పకుండా చేసింది. చెప్పాల్సిన అవసరం లేదని నేర్పింది నేనే."

"మీరు ఇందులో ఎక్కడున్నారు?"

"వంటవైపు. పాలు కాస్తున్నాను."

అందరూ నవ్వారు, అట్ట సారు కూడా. ఆమె నవ్వలేదు. "నిప్పంటుకుంటే మీరు లోపలే ఉండిపోయేవారు. అది తెలుసా మీకు?" అంది. అప్పుడు నవ్వులాగిపోయాయి. నిజమే కదా. నేను ఆలోచించనే లేదు. అరవై ఒక్క మంది తలలు లెక్కపెట్టుకుని బయటపడతారు. అరవై రెండో తల లెక్కలో లేదు.

వాళ్ళు ఇరవై నిమిషాలు పక్కగదిలో మాట్లాడుకుని వచ్చారు. ఏప్రిల్ 7 నుంచి హాలు తెరవొచ్చు. తాళంచెవి ఎక్కడుందో గోడ మీద రాసి పెట్టాలి. సోమవారం బయటికి పరిగెత్తే కసరత్తులో బాధ్యురాలు కూడా ఉండాలి, మార్పు ఏదైనా జరిగితే ఆమెకి ఆ రోజే చెప్పాలి. ఇంకోటి కూడా అంది, మా గురించి కాదు. అట్ట సారుని పిలిచి, "ఫారంలో ఆ గడి పెట్టండి. ఊళ్ళో ఇలాంటి కేంద్రాలు ముప్ఫై నాలుగున్నాయి. అన్నిచోట్లా పిల్లలు ముగ్గురిని అడగండి," అంది.

నేను అక్కడ ఏడవలేదు. ఆ సంగతి రాయి ఎక్కడైనా.

ఇంటికి వచ్చే దోవలో లాండ్రీ దగ్గర ఆగాం. మేస్త్రి మెట్ల మీద కూర్చుని ఉంది. "నీ పుస్తకం అక్కడ అధ్యక్షురాలు మొత్తం చదివింది. నీ ఒక నిమిషం యాభై సెకన్లని రెండుసార్లు పైకి చదివింది," అన్నాను. "జనవరి ఆఖర్లో ఒకటీ నలభై ఆరు వచ్చింది. అది రాయడం మర్చిపోయాను," అంది. లేచి నిలబడింది. చేతులు నడుం మీదకి వెళ్ళాయి.

వదిన


పత్రిక ఆఫీసు, మూడో అంతస్తు,
మార్చి 31

వదినకి,

ఇక్కడ తీర్పు పన్నెండున్నరకి వచ్చింది, నా వార్త రెండింటికి వెళ్ళింది. ఆ తర్వాత ఫోన్ తెరిస్తే అన్నయ్య పదకొండుసార్లు చేసి ఉన్నాడు. నీ ఉత్తరం వచ్చేదాకా ఏమీ చెప్పొద్దని ఆయనకి చెప్పాను. నీ మాటల్లోనే చదవాలనిపించింది. ఇందాక చదివాను. రెండోసారి కూడా చదివాను, అది వృత్తి అలవాటు. మూడోసారి చదవడానికి అలాంటి కారణమేమీ లేదు.

నిన్నటి మా పత్రికలో ఆరో పేజీలో నాలుగు లైన్లు ఉన్నాయి. తనిఖీ ఫారాల్లో మార్పు, ముప్ఫై నాలుగు కేంద్రాలు, వచ్చే నెల నుంచి. మీ ఊరి విలేఖరి పంపాడు, నేను ముట్టుకోలేదు. అందులో నీ హాలు పేరు లేదు, నీ పేరు లేదు. వార్తగా అది సరిగ్గానే ఉంది. అయినా మా డెస్కులో ప్రతి ఒక్కరికీ దాన్ని చూపించి, "ఇది మా వదిన," అన్నాను. వాళ్ళు వెతికి వెతికి, "ఎక్కడ?" అన్నారు. అంత గర్వంగా నేనెప్పుడూ ఒక వార్త చూపించలేదు.

అధ్యక్షురాలు అన్న మాట మాత్రం మర్చిపోకు. అరవై రెండో తల. నువ్వు పాలు కాస్తూ ఉండిపోయే మనిషివి. మీ ఇంటికి వచ్చినప్పటి నుంచీ నాకు తెలుసు, ఎప్పుడూ చెప్పలేదు. అది నా పొరపాటు.

మార్కెట్లో మూటలు మోస్తున్న ఆ ఇద్దరి సంగతి రాయలేదు. వచ్చారా?

నాకు రెండు రోజులు సెలవు ఇచ్చారు.

మీ ఆడపడుచు


డిపో వెనక క్వార్టర్లు,
ఏప్రిల్ 3, గురువారం

మా ఆడపడుచుకి,

ఆ ఇద్దర్లో ఒకడు వస్తానన్నాడు. రెండోవాడు రానన్నాడు, చేతిలో నాలుగు రాళ్ళు ఆడుతున్నాయట. వాడి కోసం రోజూ మార్కెట్ దోవలోనే ఇంటికి వస్తున్నాను. నిన్న నన్ను చూసి మూట వెనక దాక్కున్నాడు. దాక్కుంటున్నాడంటే ఇంకా సిగ్గు ఉంది, సిగ్గు ఉంటే ఆశ ఉంది.

ఆస్పత్రి ఆయా తన పేరు మళ్ళీ రాస్తానని అర్జీ అడిగింది. అర్జీ ఇప్పుడెందుకమ్మా అంటే, "లెక్కలోకి కాదు, నా మనసుకి," అని రాసి ఇచ్చింది.

నీ బస్సు శనివారం ఉదయం ఆరూ నలభైకి బయల్దేరుతుంది, పదకొండున్నరకి ఇక్కడికి వస్తుంది. మీ అన్నయ్య తన డ్యూటీ మార్చుకున్నాడు, స్టాండులో ఉంటాడు. ఆదివారం తొమ్మిదింటికి సీలు తీస్తారు. రెండు నెలల దుమ్ము ఉంటుంది, పాత చీర కట్టుకురా. పన్నెండు మంది తల్లులు, ఐదుగురు తండ్రులు వస్తామన్నారు. మేస్త్రి పని పంచి కాగితం రాసింది. నీకు కిటికీలు పడ్డాయి.

సోమవారం మూడున్నరకి తలుపులు తెరుస్తాం. నాలుగు గంటలకి కసరత్తు, గడియారం మేస్త్రి చేతిలో ఉంటుంది. పాల గిన్నె పొయ్యి మీదే వదిలేసి, మంట ఆపేసి నేను బయటికి పరిగెత్తాలట. నా చెయ్యి పట్టుకోవడానికి నాలుగేళ్ళ పిల్లని పెట్టారు. అట్ట సారు కొత్త ఫారం తీసుకుని నాలుగుంపావుకి వస్తానని కబురు పంపాడు.

వదిన